వగరు, వయస్సు – బోర్డో ఎఱ్ఱ ద్రాక్షామద్యమును పరీక్షించు విధానము

ద్రాక్షరసమును పులియబెట్టి చేయు మద్యమునకు వైను అని వాడుక. లోకమున తయారగు వైనులో మిక్కిలి భాగము ఒకటి రెండేండ్లలో వాడుకొనుటకే ఉద్దేశింపబడినది. దానిని నిలువయుంచినచో బాగుపడదు సరికదా చెడిపోవును. కొలదిపాటి వైనులు మాత్రము పదియేండ్లు, ఇరువదియేండ్లు, ఒక్కొక్కప్పుడు అర్ధశతాబ్దము నిలిచి, నిలిచినకొలది క్రొత్తగుణములను సంతరించుకొనును. ఫ్రాన్సుదేశపు నైరృతిభాగమున బోర్డో నగరము చుట్టును తయారగు ఎఱ్ఱవైను ఇట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

పువ్వు పుట్టగనే పరిమళించునను సామెత ఈ వైను విషయమున చెల్లదు. ఇది పుట్టిననాడు పరిమళింపదు. నాలుకను పట్టివేయునంతటి వగరుతో, వాసన మూసికొని, కటువుగ నుండును. అయినను దానిని ఆ దశయందే పరీక్షింపవలసి యున్నది. బోర్డోలో సెప్టెంబరు, అక్టోబరు మాసములందు పండ్లు కోయుదురు. మఱుసటి వసంతమున, వైను ఇంకను పీపాలలో నుండగనే, వర్తకులును విమర్శకులును వచ్చి రుచి చూతురు. వారి అభిప్రాయములు ధరపై ప్రభావము చూపును. కొనువారు అప్పుడే సొమ్ము చెల్లింతురు. సీసా వారి చేతికి వచ్చుటకు మఱి రెండేండ్ల వఱకు పట్టును. అది త్రాగుటకు అనువగుటకు మఱి పది పదునైదేండ్లు పట్టవచ్చును. ఆనాటి తీర్పు తప్పైనచో పోవునది సొమ్మొక్కటియే కాదు, నిరీక్షించిన కాలము కూడ వ్యర్థమగును.

కావున ఈ పరీక్షలో ముఖ్యమైన ప్రశ్న "నేడు రుచిగ నున్నదా?" అనునది కాదు, "నేటి కాఠిన్యము రేపు కరగునా, లేక అట్లే మిగిలిపోవునా?" అనునది. వగరు అధికముగ నున్నంతమాత్రమున వైను దీర్ఘాయువు కాదనియు, ఆ వగరును మోయగల ఫలసారము, పులుపు దానియందు తగుపాళ్ళలో నున్నప్పుడే కాలము దానికి మేలు చేయుననియు ఈ వ్యాసమున వివరింపబడును.

ప్రదేశము – ఫలజాతులు

గరోన్, దోర్దోన్య అను రెండు నదులు బోర్డో నగరమునకు ఉత్తరమున కలిసి, జిరోండ్ అను విశాలమైన ముఖద్వారమై అట్లాంటిక్ మహాసముద్రమున చేరును. జిరోండునకు ఎడమగట్టున మెదోక్ ప్రాంతము కలదు. అచ్చటి నేల గులకఱాళ్ళ దిబ్బలు. అవి నీటిని నిలువనీయవు. పగటివేడిని గ్రహించి రాత్రి విడుచును. ఆలస్యముగ పండు కాబెర్నే సొవిన్యోన్ అను ద్రాక్షకు ఇట్టి వెచ్చని నేల అనుకూలము. దాని పండు చిన్నది, తొక్క మందము, గుజ్జుతో పోల్చినచో గింజల పాలు ఎక్కువ. అందువలన దాని వైనునకు రంగును వగరును అధికము. కుడిగట్టున సెంతెమిల్యోన్, పొమెరోల్ ప్రాంతములలో బంకమన్ను, సున్నపుఱాయి కలిసిన నేల యుండును. అచ్చట మెర్లో అను జాతి ప్రధానము. అది ముందుగ పండును. దాని వైను మెత్తగ, నిండుగ నుండును. కాబెర్నే ఫ్రాన్ సువాసనకును, పెతీ వెర్దో రంగునకును, ఘాటునకును కొలదిగ చేర్చబడును.

సముద్రసామీప్యమువలన ఈ ప్రాంతమున వర్షము ఎప్పుడు వచ్చునో చెప్పుట కష్టము. పూతకాలమున వాన కురిసినచో ఒక జాతియు, కోతకాలమున కురిసినచో మఱియొక జాతియు దెబ్బతినును. మెట్టరైతు ఒకే చేనిలో రెండు మూడు పైరులు కలిపి వేసినట్లే బోర్డో రైతు కూడ పలుజాతులను పెంచి, ఏటేట వాని పాళ్ళను మార్చి వైనులను కలుపును. ఈ మేళనమునే ఇతరదేశములలో అనుసరించి చేయు వైనులను "బోర్డో తరహా" వైనులందురు. కాబెర్నే సొవిన్యోన్ స్వతంత్రజాతి కాదనియు, కాబెర్నే ఫ్రాన్, సొవిన్యోన్ బ్లాన్ అను రెండిటి సంకరమువలన పుట్టినదనియు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలోని శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షచే నిరూపించి 1997లో ప్రకటించిరి.

1855లో పారిస్ మహాప్రదర్శన సందర్భమున మూడవ నెపోలియన్ చక్రవర్తి కోరికపై బోర్డో దళారులు ఎడమగట్టు ఎఱ్ఱవైను క్షేత్రములను ఐదు తరగతులుగ విభజించిరి. అందుకు వారు గైకొన్న ప్రమాణము ముఖ్యముగ నాటి ధరయే. లాఫీత్, లతూర్, మార్గో, ఓబ్రియోన్ అను నాలుగును మొదటి తరగతిలో చేరెను. ముతోన్ రోత్షీల్డ్ రెండవ తరగతినుండి మొదటి తరగతికి 1973లో ఎక్కెను. ఈ తరగతులు క్షేత్రమునకు చెందినవే కాని ఏ యేటి పంటకును హామీ కావు. గొప్ప క్షేత్రమునను చెడుసంవత్సరము వచ్చును. కావున ఏ యేటి వైనును ఆ యేట మరల రుచి చూడక తప్పదు.

వగరు ఎట్లు వచ్చును, ఎట్లు తగ్గును

నల్లద్రాక్షను పిండినచో వచ్చు రసమునకు సామాన్యముగ రంగు ఉండదు. ఎఱ్ఱవైనునకు రంగు తొక్కలనుండియు, వగరు తొక్కలు, గింజలనుండియు వచ్చును. అందులకై రసమును తొక్కలతో, గింజలతో కలిపియే పులియబెట్టి, రెండు మూడు వారములు నాననిత్తురు. పిదప 225 లీటర్లు పట్టు ఓకుకఱ్ఱ పీపాలలో సుమారు ఏడాదినుండి రెండేండ్ల వఱకు నిలువయుంతురు. కఱ్ఱనుండి కొంత వగరు, కొంత పరిమళము వైనులోనికి దిగును. కఱ్ఱసందులనుండి అత్యల్పముగ గాలి సోకును.

వగరును కలిగించు పదార్థములకు టానిన్లని పేరు. కరక్కాయ, వక్క, తేయాకు, అరటిపిందె మున్నగువానియందు ఉండునవియు ఇట్టివే. ఇవి లాలాజలమందలి మాంసకృత్తులతో కలిసి విరిగిపోవుటచే నోటిలోని జిగి తగ్గి, నాలుక బరుకెక్కినట్లు తోచును. ఈ కారణముచే నేటి శరీరశాస్త్రజ్ఞులు వగరును రుచిగ గాక స్పర్శగ పరిగణించుచున్నారు. మన సంప్రదాయమున అది కషాయమను పేర షడ్రుచులలో నొకటి. పరీక్షకునకు రెండు అభిప్రాయములును ఉపయోగకరములే: వగరు ఎంత యున్నదో రుచిచేతను, ఎట్టిదో స్పర్శచేతను తెలియును.

కాలము గడచినకొలది టానిన్లు తమలో తామును, రంగుపదార్థములతోను కలిసికొనును. వానిలో కొన్ని బరువెక్కి సీసా అడుగున మడ్డిగ దిగును. అందుచే రంగు పలుచబడి, కఱకుదనము తగ్గును. పులుపుపదార్థములును మద్యసారమును మెల్లగ సంయోగమునొంది క్రొత్తవాసనలకు కారణమగును. ఇది ఒక ప్రక్క జరుగు పరిణామము. మఱియొక ప్రక్క పండ్ల తాజా పరిమళము దినదినము క్షీణించుచుండును. ఈ రెండును ఏకకాలమున సాగును. వగరు కరగునంతలో ఫలసారము మిగిలియున్నచో వైను పరిపక్వమైనదని చెప్పవచ్చును. ఫలసారము ముందుగ నశించినచో మిగులునది వట్టి వగరు. అట్టి వైను "ఎండిపోయిన" దందురు. పరీక్షకుడు ఊహింపవలసినది ఈ రెండిటిలో ఏది ముందుగ ముగియునో అను విషయమే.

పరీక్షాక్రమము

వైను 16–18 డిగ్రీల వేడియందుండుట మంచిది. మన యిండ్లలో ముప్పది డిగ్రీల వేడియందు పోసినచో మద్యసారపు ఘాటు ముక్కునకెక్కి తక్కిన గుణములను కప్పివేయును. కావున ముందుగ కొంత చల్లార్చవలయును. మఱీ చల్లబఱచినచో వగరు తీక్ష్ణముగ తోచును. పాతసీసాను ఒక దినము ముందుగ నిలువుగ నుంచి, మడ్డి కదలకుండ పోయవలయును. రుచిపరీక్షకై అంతర్జాతీయ ప్రమాణసంస్థ 1977లో ఒక గాజుపాత్రను నిర్దేశించినది. అది కాడ కలిగి, అడుగున వెడల్పై, పైన ముడుచుకొని యుండును. అందు 50 మిల్లీలీటర్లు మాత్రమే పోయుదురు. మిగిలిన చోటు వాసనకు. పరీక్షించువారు అత్తరు పూసికొనరాదు. తాంబూలము వేసికొని రారాదు.

వృత్తిపరీక్షకులు వైనును మ్రింగరు. నోట త్రిప్పి ఉమిసివేయుదురు. దినమునకు పదులకొలది మచ్చులను పరీక్షించువాడు మ్రింగినచో పరీక్షకుడుగ మిగులడు. పరీక్ష వేఱు, పానము వేఱు అని ఇందువలన గ్రహింపవచ్చును.

మొదట కంటితో చూడవలయును. తెల్లని కాగితముపై పాత్రను వంచి, నడిమి రంగును అంచు రంగును పోల్చవలెను. పసివైనునకు నేరేడు ఛాయయు, అంచున నీలి కలిసిన ఎఱుపును ఉండును. వయస్సు వచ్చినకొలది అది దానిమ్మగింజ వర్ణమునకును, పిదప ఇటుక వర్ణమునకును మాఱును. నాలుగైదేండ్ల వైను అంచున అప్పుడే ఇటుకరంగు కనబడినచో అది తొందరగ ముదురుచున్నదని అనుమానింపవలెను. పాత్ర గోడలవెంట జాఱు ధారలను చూచి కొందఱు మెచ్చుకొందురు. అవి ప్రధానముగ మద్యసారమును సూచించునే కాని నాణ్యమును సూచింపవు.

తరువాత ముక్కుతో చూడవలయును. ముందు పాత్రను కదలింపకయు, పిదప గిఱ్ఱున త్రిప్పియు వాసన చూతురు. వాసనలు మూడు విధములు. పండునుండి వచ్చునవి మొదటివి. పులియుటవలనను, పీపావలనను వచ్చునవి రెండవవి. వయస్సువలన వచ్చునవి మూడవవి. పసి కాబెర్నే వైనున ముఖ్యముగ నల్ల కరెంటుపండు అను ఐరోపా ఫలపు పరిమళముండును. దానినెఱుగనివారు నల్లద్రాక్ష, నేరేడు కలిసిన వాసనను ఊహించుకొనవచ్చును. ఓకుకఱ్ఱ లవంగము, వనిల్లా, పొగ వాసనల నిచ్చును. పచ్చి బెంగుళూరు మిరపకాయ వాసన ప్రబలముగ నున్నచో పండు సరిగ పండలేదని అర్థము. పరిపక్వమైన వైనునందు దేవదారుకఱ్ఱ, పదునుపెట్టిన పొగాకు, తోలు, వానతఱువాత తడిసిన ఆకులు – ఇట్టి వాసనలు పొడసూపును. గుంటూరుసీమలో పొగాకు బ్యారనుల ప్రక్కగ నడచినవారికి ఈ వర్ణన వింతగ తోపదు.

పసివైను వాసన నీయకున్నంతమాత్రమున నిరాకరింపరాదు. గాలి సోకనిచ్చి గంట రెండు గంటల తరువాత మరల చూడవలయును. మఱునాడు కూడ చూచుట పరీక్షకులు వాడు ఒక ఉపాయము. మూత తీసిన సీసా మఱునాటికి మఱింత విచ్చుకొని, ఫలపరిమళము నిలుపుకొన్నచో దానికి ఆయువు కలదని శుభశకునము. మఱునాటికే చప్పబడినచో ఆశ తగ్గించుకొనవలెను.

చివర నోటితో చూడవలయును. చిన్నగుక్కను నోట నింపి, కొంచెము గాలిని లోనికి పీల్చి, చిగుళ్ళ వెలుపలికి సైతము సోకునట్లు త్రిప్పుదురు. మొదట ఫలపు నిండుదనము, నడుమ పులుపు, కడపట వగరు క్రమముగ తెలియును. వగరు గుక్కగుక్కకు పేరుకొనును. ఐదవ మచ్చు మొదటిదానికంటె కఠినమని తోచినచో అది నిజము కాకపోవచ్చును, నోరే అలసియుండవచ్చును. కావున మచ్చుమచ్చునకు నడుమ నీరు పుక్కిలించి, రొట్టెముక్క తిని, కొంతసేపు ఆగవలయును.

రెండు వగరులు

బోర్డో ఎఱ్ఱవైను పరీక్షలో మిక్కిలి ముఖ్యమును, మిక్కిలి కష్టమును అగునది వగరు యొక్క జాతిని నిర్ణయించుట. తెలుగువారికి ఇది సులభముగ బోధపడగలదు. అరటిపిందె కొఱికినను వగరే. పండిన నేరేడుపండు తినినను వగరే. కాని అరటిపిందె వగరు నాలుకను కఱచిపట్టి, వెనుక ఏమియు మిగుల్చదు. నేరేడు వగరు తీపితో, రసముతో పెనవైచికొని యుండి నోటిని నింపును. మొదటిది పండని వగరు. రెండవది పండిన వగరు. గింజలు పచ్చిగ నుండగ కోసిన ద్రాక్షనుండి మొదటి జాతియు, గింజలు గోధుమరంగు తిరిగి కరకరలాడునంతవఱకు పండిన ద్రాక్షనుండి రెండవ జాతియు వచ్చును. అందువలననే కోతదినములలో తోటవారు గింజలను నమలి చూతురు. పండిన వగరు ఎంత అధికమైనను కాలము దానిని మెత్తబఱచగలదు. పండని వగరు కొంత తగ్గవచ్చును గాని ఆ పచ్చిదనము పూర్తిగ పోదు.

బోర్డో విశ్వవిద్యాలయమున బోధించిన ఎమీల్ పెనో (1912–2004) 1980లో ప్రకటించిన రుచిశాస్త్రగ్రంథమున సమతూకమును ఒక త్రాసుగ వివరించెను. త్రాసులో ఒక ప్రక్క తీపిని స్ఫురింపజేయునవి, అనగా మద్యసారము, ఫలసారము. రెండవ ప్రక్క పులుపును, వగరు చేదులును. పులుపు, వగరు రెండును అధికమైనచో ఒకదాని కాఠిన్యమును మఱియొకటి పెంచును. అందుచే మిక్కిలి వగరుగల ఎఱ్ఱవైనునకు పులుపు మితముగ నుండుటయే మేలు. కాని పులుపు మఱీ తగ్గినచో వైను బరువై, చప్పనై, తొందరగ ముదురును.

ఈ విషయములను క్రోడీకరించినచో దీర్ఘాయువునకు లక్షణములు నాలుగు:

(1) సాంద్రత – రుచి నడుమ బోలుగ నుండక, మొదటినుండి కడవఱకు నిండుగ నుండుట.

(2) సమతూకము – ఏ గుణమును తక్కినవానినుండి విడివడి పొడుచుకొని రాకుండుట.

(3) వగరు పక్వత – అది ఫలసారముతో కలిసియుండి, పొడిపొడిగ గాక పట్టువలె సాగుట.

(4) నిడివి – ఉమిసిన తరువాత పరిమళము నోట నిలుచు కాలము. దీనిని సెకనులతో లెక్కించి, ఒక సెకనును ఒక "కొదాలి" అని ఫ్రెంచివారు వ్యవహరింతురు. నిలువవలసినది ఫలపరిమళము, వగరొక్కటియే నిలిచినచో అది నిడివి కాదు.

దోషములు వీనికి వేఱు. బెండుమూత చెడి తడిసిన అట్టవాసన వచ్చుట, సిరకాఘాటు, గాలి సోకి రంగును వాసనయు వెలవెలబోవుట, ఒక జాతి మధుశిలీంధ్రము చేరి గుఱ్ఱపుసాలవాసన మితిమీరుట ముఖ్యమైనవి. వయస్సు కాఠిన్యమును తీర్చగలదు గాని దోషమును తీర్చదు. సిరకావాసన గల పసివైనును "కాలక్రమమున సర్దుకొనును" అని కొనుట అవివేకము.

రెండు సంవత్సరముల తీర్పు

1975వ సంవత్సరపు బోర్డో వైనులు తొక్కలు మందమైన పండ్లనుండి తయారై, మిక్కిలి కఠినముగ నుండెను. ఆ కాఠిన్యమునే దీర్ఘాయువునకు గుర్తుగ భావించి పలువురు ప్రశంసించిరి, ఓపికతో దాచుకొనిరి. ఏండ్లు గడచెను. లా మిస్యోన్ ఓబ్రియోన్ వంటి కొన్ని వైనులు నిశ్చయముగ గొప్పవయ్యెను. కాని పెక్కింటియందు వగరు కరగకమునుపే ఫలసారము తఱిగిపోయెను. కాచినవారికి మిగిలినది ఎండిన వగరే.

1982వ సంవత్సరము ఇందుకు విరుద్ధము. ఆ యేడు ఎండలు బాగుగ కాసి, పండ్లు నిండుగ పండెను, పంటయు సమృద్ధి. పసితనముననే ఆ వైనులు మెత్తగ, మధురముగ నుండెను. పులుపు తక్కువయనియు, ఇంత సులభముగ రుచించునది నిలువదనియు కొందఱు విమర్శకులు సందేహించిరి. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ అవి అసాధారణములని నొక్కి చెప్పెను. అతని ప్రఖ్యాతికి ఆ తీర్పే పునాది. దశాబ్దములు గడచిన పిదపను 1982నాటి లతూర్, ముతోన్ వంటి వైనులు నిలిచి ప్రశంసలందుకొనుట చూడగా, ఆ మెత్తదనము అడుగున పండిన వగరు సమృద్ధిగ నుండెనని స్పష్టము. ఫలసారము దానిని కప్పియుండుటచే పైకి కానరాలేదు.

ఈ రెండు సంవత్సరములనుబట్టి మెత్తనివన్నియు నిలుచునని గాని, కఠినములన్నియు ఎండునని గాని సిద్ధాంతము చేయరాదు. 1945, 1961 సంవత్సరముల వైనులు పసితనమున కఠినములే; అయినను అవి ఆ శతాబ్దపు గొప్పవానిలో లెక్కింపబడినవి. వానియందు కాఠిన్యమునకు తగిన సాంద్రత యుండెను. కాఠిన్యము కాదు, దాని వెనుకనున్నదేమి అనునదియే విచారణీయము.

ఇట్టి వివాదము దేశముల నడుమను జరిగెను. 1976 మే 24న స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లవర్తకుడు పారిస్ నగరమున ఒక పరీక్ష నేర్పాటు చేసెను. పేరులు కానరాకుండ పోసిన బోర్డో, కాలిఫోర్నియా ఎఱ్ఱవైనులను ఫ్రెంచి పరీక్షకులు రుచి చూచిరి. కాలిఫోర్నియాకు చెందిన 1973నాటి స్టాగ్స్ లీప్ వైను మొదటిదిగ నిలిచెను; 1970నాటి ముతోన్ రోత్షీల్డ్ రెండవది. బోర్డో వైనులు పసివగుటచే ఓడినవనియు, కాలము గడచినచో అవియే గెలుచుననియు అప్పుడు సమాధానము చెప్పబడెను. ఈ మాటకు కాలమే పరీక్ష. సరిగ ముప్పదియేండ్లకు, 2006 మే 24న, ఆ వైనులనే మరల పరీక్షించిరి. 1976లో ఐదవ స్థానమున నున్న 1971నాటి కాలిఫోర్నియా రిడ్జ్ మోంటె బెల్లో మొదటిదయ్యెను. మొదటి ఐదు స్థానములును కాలిఫోర్నియాకే దక్కెను. దీర్ఘాయువు పుట్టిన గడ్డకు మాత్రమే చెందిన సొత్తు కాదనియు, పైని చెప్పిన లక్షణములున్న చోటనెల్ల అది సాధ్యమనియు దీనివలన తెలియవచ్చెను.

పరీక్షకుని పరీక్షించుట

పేరు చూచి తీర్పు చెప్పుట ఎంత సులభమో, రంగు చూచి మోసపోవుటయు అంత సులభము. మోరో, బ్రోషే, ద్యుబుర్ద్యూ అను మువ్వురు శాస్త్రజ్ఞులు బోర్డోలో జరిపి 2001లో ప్రకటించిన ప్రయోగమున, 54 మంది వైనుశాస్త్ర విద్యార్థులకు ఒకే తెల్లవైనును రెండు విధములుగ ఇచ్చిరి: ఒకటి సహజవర్ణముతో, మఱియొకటి వాసనలేని ఎఱ్ఱరంగు కలిపి. రంగు కలిపినదానిని వారు ఎఱ్ఱవైనునకు వాడు మాటలతోనే వర్ణించిరి. ముక్కు తెలుపవలసిన విషయమును కన్నే నిర్ణయించినది. శిక్షణ పొందువారియందే ఇట్లు జరిగినచో సామాన్యుల మాట చెప్పనక్కఱలేదు. కావుననే నమ్మదగిన పరీక్షయందు సీసాపై పేరు కానరాకుండ గుడ్డ చుట్టుదురు. ఎవరి అభిప్రాయము వారు వ్రాసికొనునంతవఱకు మాటలాడుకొనరాదు. ఒకే వైనును రెండు మాఱులు తెలియకుండ ఇచ్చి, రెండు తీర్పులు సరిపోవునో లేదో చూతురు.

తెలుగునాట బయటి తెలుగువారికి దీని సంబంధము

యానాములో 1954 వఱకు ఫ్రెంచి పరిపాలన సాగెను. కర్ణాటకమున, తెలుగు మాటలాడువారు పెక్కండ్రు నివసించు చిక్కబళ్ళాపుర ప్రాంతపు నందిదుర్గము చెంతను, మహారాష్ట్రమున నాసిక్ చుట్టుప్రక్కలను కాబెర్నే సొవిన్యోన్ తోటలు నేడు కలవు. నందిదుర్గపు గ్రోవర్ తోటలకు బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారుగ పనిచేసెను. ఈ తోటలలోను, వాని కర్మాగారములలోను ఉద్యోగము చేయు యువకులకు రుచిపరీక్ష ఒక జీవనోపాధి విద్య. మద్యపానము ముట్టనివారును దానిని శాస్త్రముగ నేర్వవచ్చును.

ఆ విద్యకు తెలుగున మాటలు లేవనుకొనుట పొరపాటు. వగరు, కఱకు, బరుకు, చిక్కదనము, పలుచన, ఘాటు, కమ్మదనము, చప్పిడి, పచ్చివాసన, ముక్కవాసన, మక్కిన వాసన – ఇవన్నియు వంటయింటను కొట్టులోను నిత్యము వాడబడు కొలమానములు. క్రొత్తబియ్యమునకును పాతబియ్యమునకును గల భేదమును నోట పెట్టకయే చెప్పగల గృహిణులు మనయందు కలరు. పులియబెట్టిన ఔషధములైన ఆసవములు పాతబడినకొలది గుణవంతములగునని శార్ఙ్గధరసంహిత చెప్పుచున్నది. అవి ఔషధములు, ఇది మద్యము. రెండిటిని ఒకటిగ చూడరాదు. అయినను కాలము గుణమును పెంచు ద్రవ్యములు కొన్ని కలవనునది మన పూర్వులెఱిగిన విషయమే.

నిలువయుంచదలచినవారు ముందుగ స్థలమును చూచుకొనవలయును. బోర్డో వైనునకు 12–14 డిగ్రీల స్థిరమైన చలువ, చీకటి, కొంత చెమ్మ, కదలిక లేకుండుట అవసరము. సీసాను పండుకొనబెట్టినచో బెండుమూత ఎండదు. దక్కను ఎండలకు గదిలో వదలిన సీసా ఒకటి రెండు వేసవులకే చెడును. దాని పుట్టుక ఎంత గొప్పదైనను ఫలము లేదు. చలువ నేర్పాటు కలవారు ఒకే వైనును ఒక సీసాగ గాక ఆరేడు సీసాలుగ కొని, మూడు నాలుగేండ్ల కొకటి చొప్పున తెఱచి, రంగు, వాసన, వగరు, నిడివి ఎట్లున్నవో తేదీతో వ్రాసి యుంచుట ఉత్తమమార్గము. ఫలసారము నిలిచియుండి వగరు తగ్గుచున్నంతకాలము ఆగవచ్చును. వగరు అట్లేయుండి ఫలసారము తగ్గుచున్నట్లు వరుసగ రెండు సీసాలు చూపినచో మిగిలినవానిని వెంటనే వాడుకొనవలయును. ఇక కాచియుండుటవలన లాభము లేదు.